కామెర్లొచ్చిన ఒళ్ళు దానానికి పనికిరాదా?



అన్ని దానాల్లోకీ అన్నదానం గొప్పదని పెద్దలంటారు. అన్నం కరువైన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం కాబట్టి ఆ మాట విలువ మనకు పుస్తకాలు చదవకుండానే తెలుసు. అంతకు ఏమాత్రం తీసిపోని దానం మన కాలంలో ఇంకొకటి వచ్చింది. అదే అవయవదానం. 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ గారు మన దేశంలో మొదటిసారి గుండె మార్పిడిని విజయవంతంగా చేశారు. ఆయన మన రాజమండ్రిలో పుట్టినవారు. ఆ రోజు గుర్తుగానే 2023 నుంచి ఆగస్టు 3ను అవయవదాన దినోత్సవంగా జరుపుతున్నారు. చనిపోయిన ఒక మనిషి గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, మూత్రపిండాలు, క్లోమం, పేగులు కలిపి ఎనిమిది మంది దాకా బతికించవచ్చు.

అయితే ఈ వ్యాసం అవయవదానం గొప్పతనం గురించి కాదు. ఆ సంగతి ప్రతి యేడూ మీటింగుల్లో వింటూనే ఉన్నాం. నేను రాసేది ఒక చిన్న అనుమానం గురించి. చిన్నదే గాని, ఫారం మీద సంతకం పెట్టబోయే చేతిని పట్టుకుని ఆపేది అదే. అవయవదానం మాట ఎత్తినప్పుడల్లా మన తమ్ముళ్ళ నుంచి నాకు వచ్చే జవాబులు ఇవి: "నాకు ఏడో తరగతిలో కామెర్లు వచ్చాయన్నా, నేను పనికిరాను." "మా ఇంట్లో టీబీ ఉందన్నా, మమ్మల్ని తీసుకోరు." "నాకు మలేరియా రెండుసార్లు వచ్చింది." ఇలా ఎవరికి వారే తమ పేరు కొట్టేసుకుంటున్నారు. డాక్టర్ చెప్పలేదు, చట్టం చెప్పలేదు. మనకు మనమే అనర్హులమని తేల్చేసుకుంటున్నాం.

హాస్టల్లో చదివినవాళ్ళకు "అర్హత" అనే మాట కొత్త కాదు. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, స్టడీ సర్టిఫికెట్ పట్టుకుని అర్హత నిరూపించుకుంటూనే పెరిగాం. ఒక్క కాగితం తక్కువైతే స్కాలర్‌షిప్ జాబితాలో పేరు ఉండదు. అందుకే "పాత జబ్బు ఉంది కాబట్టి మనకు అర్హత లేదు" అంటే మనసు వెంటనే ఒప్పేసుకుంటుంది. కానీ ఇక్కడ అర్హత లెక్క వేరు. దాన్ని కొంచెం ఓపిగ్గా తెలుసుకుందాం.

ముందుగా కామెర్ల సంగతి. కామెర్లు అనేది ఒక జబ్బు పేరు కాదు, ఒక లక్షణం. కళ్ళు పచ్చబడడానికి కారణాలు చాలా ఉంటాయి. పిత్తాశయంలో రాళ్ళున్నా రావచ్చు, తాగుడు వల్ల కాలేయం చెడినా రావచ్చు, వైరస్ వల్లా రావచ్చు. ఆ వైరస్‌లలో హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ అనేవి కలుషితమైన నీళ్ళ ద్వారా, తిండి ద్వారా వస్తాయి. వానాకాలంలో ఊళ్ళలో, బళ్ళలో పదిమందికి ఒకేసారి వచ్చే కామెర్లు ఎక్కువగా ఇవే. సాధారణంగా కొన్ని వారాల్లో పూర్తిగా తగ్గిపోతాయి, కాలేయం మళ్ళీ మామూలుగా అవుతుంది. చిన్నప్పుడు ఇలాంటి కామెర్లు వచ్చి తగ్గినంత మాత్రాన పెద్దయ్యాక అవయవదానానికి అడ్డం లేదు.

హెపటైటిస్-బి, సి సంగతి వేరు. ఇవి రక్తం ద్వారా, వాడిన సూదుల ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు వస్తాయి. కొందరిలో యేళ్ళ తరబడి బయటపడకుండా ఒంట్లోనే ఉండిపోయి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఇవి ఉన్న దాతల విషయంలో డాక్టర్లు చాలా జాగ్రత్తగా ఉంటారు. అక్కడ కూడా తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. అప్పటికే అదే వైరస్ ఉన్న రోగికో, మందుల రక్షణ ఇచ్చి మరో రోగికో ఆ అవయవాలు అమర్చిన సందర్భాలు ఉన్నాయి. హెపటైటిస్-సి ఇప్పుడు కొన్ని నెలల మాత్రలతో నయమయ్యే జబ్బు. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ రెండింటికీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం. హెపటైటిస్-బికి టీకా కూడా ఉంది.

ఇక్కడ మన వైపు ఒక చిక్కుంది. కళ్ళు పచ్చబడ్డాయనగానే మనవాళ్ళు పసరు పోయిస్తారు. కొన్నిచోట్ల చేతి మీద వాతలు కూడా పెట్టిస్తారు. నీళ్ళ వల్ల వచ్చిన కామెర్లు వాటంతట అవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకు వస్తుంది. నష్టం ఏమిటంటే, రక్తపరీక్ష జరగదు. ఏ రకం కామెర్లో ఎప్పటికీ తెలియదు. లోపల 'బి' రకం ఉన్నవాడు కూడా తగ్గిపోయిందనే ధీమాతో తిరుగుతాడు. 'ఎ' రకం వచ్చి పూర్తిగా కోలుకున్నవాడేమో తన ఒళ్ళు చెడిపోయిందని జన్మంతా అనుకుంటాడు.

టీబీ కూడా ఇలాంటిదే. చనిపోయే నాటికి టీబీ ముదురుతూ ఉంటే అవయవాలు తీసుకోరు. ఎప్పుడో వచ్చి, మందుల కోర్సు పూర్తిచేసి నయమైనవాళ్ళ సంగతి డాక్టర్లు విడిగా పరిశీలిస్తారు. మచ్చలు పడిన ఊపిరితిత్తులు పనికిరాకపోవచ్చు గాని, మూత్రపిండాలో కాలేయమో పనికిరావచ్చు. తీసుకున్న రోగికి ముందు జాగ్రత్తగా టీబీ రాకుండా మందులు ఇస్తారు. షుగర్, బీపీ ఉన్నవాళ్ళ విషయంలోనూ అంతే. ఏ అవయవం ఎంత దెబ్బతిన్నదో చూస్తారు తప్ప, మనిషి మొత్తాన్ని పక్కన పెట్టరు. ఒంట్లో పాకుతున్న క్యాన్సర్ ఉంటే అవయవాలు తీసుకోరు. ఎన్నో యేళ్ళ కింద నయమైన కొన్ని క్యాన్సర్లను మాత్రం ఒక్కొక్కటిగా చూసి నిర్ణయిస్తారు.

కళ్ళ విషయంలో అర్హత ఇంకా విశాలం. కళ్ళు దానం చేస్తే అమర్చేది నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర, కార్నియా. దానిలో రక్తనాళాలు ఉండవు. అందువల్ల కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు, శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు, షుగర్, బీపీ ఉన్నవాళ్ళు, చాలా రకాల క్యాన్సర్లతో చనిపోయినవాళ్ళు కూడా కళ్ళు ఇవ్వవచ్చు. రేబిస్, ఎయిడ్స్, హెపటైటిస్-బి, సి, రక్తం విషపూరితం కావడం, రక్త క్యాన్సర్ వంటివి ఉంటే మాత్రం తీసుకోరు. దీనికి బ్రెయిన్ డెడ్ కానక్కరలేదు. ఇంట్లో మామూలుగా చనిపోయినా ఆరు గంటల్లోపు ఐ బ్యాంకుకు కబురు చేరి, వాళ్ళు వచ్చి తీసుకుంటే చాలు. ఒకరి కళ్ళతో ఇద్దరికి చూపు వస్తుంది.

ఇక్కడ మూడు రకాల దానాలను కలిపేసుకోకూడదు. చనిపోయాక ఇచ్చే అవయవాల్లో, ఆ అవయవం ఇంకొకరిలో పనిచేస్తుందా లేదా అన్నదే చూస్తారు. బతికుండగా కిడ్నీ ఇవ్వాలంటే, ఇచ్చినవాడు ఆ తర్వాత ఒక్క కిడ్నీతో ఆరోగ్యంగా బతకగలడా అని కూడా చూస్తారు. అందుకే షుగర్ ఉన్నవాళ్ళను సాధారణంగా వద్దంటారు. అది అవమానం కాదు, ఇచ్చేవాడి ప్రాణానికి రక్షణ. ఇక రక్తదానం లెక్క మరొకటి. నీళ్ళ ద్వారా వచ్చే 'ఎ', 'ఇ' రకం కామెర్లు తగ్గాక 12 నెలలు ఆగి రక్తం ఇవ్వవచ్చు. మలేరియా తగ్గాక 3 నెలలు ఆగాలి. టీబీ నయమైందని తేలాక 2 యేళ్ళు ఆగాలి. 'బి', 'సి' రకం కామెర్లు వచ్చినవాళ్ళు, ఏ రకమో తెలియని కామెర్లు వచ్చినవాళ్ళు ఎప్పటికీ ఇవ్వకూడదు. ఆ చివరి మాట గమనించండి. జబ్బు పేరు తెలియకపోవడమే ఒక అనర్హత అయిపోతోంది! జబ్బు వచ్చి తగ్గింది, కాగితం లేదు, కాబట్టి లెక్కలో లేదు. కాగితం లేక స్కాలర్‌షిప్ పోగొట్టుకున్న కథకూ దీనికీ తేడా ఏముంది?

మరి చనిపోయాక అర్హత ఎవరు తేలుస్తారు? 1994లో వచ్చిన మానవ అవయవాల మార్పిడి చట్టం ప్రకారం, మెదడు పూర్తిగా చనిపోయిందని నలుగురు డాక్టర్ల బృందం నిర్ధారించాలి. ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేయాలి. అవయవం తీసే డాక్టరు ఆ నలుగురిలో ఉండకూడదు. తర్వాత ఇంట్లోవాళ్ళను అడుగుతారు. వాళ్ళు ఒప్పుకుంటే పాత జబ్బులు, వాడిన మందులు, అలవాట్లు తెలుసుకుంటారు. హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు అప్పటికప్పుడు చేస్తారు. ఒక్కో అవయవాన్ని విడివిడిగా చూసి, తీసుకునే రోగికి లాభమెంత, ముప్పెంత అని బేరీజు వేస్తారు. ఇంతమంది, ఇన్ని పరీక్షలు చేసి తేల్చాల్సిన విషయాన్ని, మనం హాస్టల్ వరండాలో కూర్చుని ఒక్క మాటతో తేల్చేయడం ఏమి న్యాయం?

ఇంకొక సంగతి. ఈ రోజు పద్దెనిమిదేళ్ళ తమ్ముడు సంతకం చేసిన ఫారం అవసరం పడేది, నిండు నూరేళ్ళు బతకాలని కోరుకుందాం, ఎప్పుడో ముసలితనంలో. అప్పటికి వైద్యం ఎక్కడ ఉంటుందో ఎవరికి తెలుసు? హెచ్ఐవీనే తీసుకోండి. అమెరికాలో 1988 నుంచి హెచ్ఐవీ ఉన్నవారి అవయవాలు వాడడం చట్టరీత్యా నిషేధం. 2008లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో డాక్టర్ ఎల్మీ ముల్లర్, హెచ్ఐవీతో చనిపోయిన దాతల కిడ్నీలను హెచ్ఐవీ ఉన్న రోగులకే అమర్చడం మొదలుపెట్టారు. వాళ్ళు బాగున్నారు. అది చూసి అమెరికా 2013లో తన చట్టం మార్చుకుంది, 2016లో అక్కడా ఆ ఆపరేషన్లు మొదలయ్యాయి. ఎయిడ్స్ అంటేనే ఊరి బయట పెట్టిన రోజులు మనకు తెలుసు. అలాంటి జబ్బు ఉన్నవాళ్ళకే దారి దొరికితే, ఎనిమిదో తరగతిలో వచ్చి పోయిన కామెర్లకు మనం దారి మూసుకోవడమెందుకు?

ఇక అసలు మాటకొస్తాను. నేను మా ఇంట్లో మొదటి డిగ్రీవాణ్ణి. ఇప్పుడు ఎం.ఎస్సీ. జువాలజీ చదువుతున్నాను. పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ విషయం మా అమ్మానాన్నల ముందు పెట్టాను. మా అమ్మ మిరపకోతలకు పోతుంది. పన్నెండేళ్ళ కింద ఆమెకు టీబీ వచ్చి, ఆరు నెలలు మాత్రలు మింగి నయం చేసుకుంది. "నాకు ఆ జబ్బు వచ్చిపోయింది గదరా, నా కళ్ళు ఎవరికి కావాలి?" అంది. టీబీ నయమైతే కళ్ళకు అడ్డం లేదని చెప్పాను. అప్పటిదాకా మాట్లాడకుండా ఉన్న మా నాన్న అన్నాడు: "జబ్బు సంగతి సరే. మన ఒంట్లోయి ఎవరు పెట్టించుకుంటార్రా?"

మిత్రులారా, ఈ ప్రశ్న మీకు విడమర్చి చెప్పనక్కరలేదు. హోటల్లో వేరే గ్లాసులో టీ తాగిన తరం అడిగిన ప్రశ్న అది. జబ్బు అనే సాకు కింద దాక్కున్న అసలు భయం అదే. మన ఒళ్ళు ఎందుకూ కొరగాదని తరతరాలుగా వింటూ వచ్చాం. పొలంలో, రోడ్డు పనిలో, మురుగు కాలవలో మాత్రం ఆ ఒళ్ళే కావాలి! మా నాన్నకు నేను చెప్పిన జవాబే మీకూ చెబుతాను. అవయవం ఎవరికి ఇవ్వాలో తేల్చేటప్పుడు చూసేవి రక్తం గ్రూపు, అవయవం పరిమాణం, రోగి పరిస్థితి, జాబితాలో వరుస. ఆ లెక్కలో కులానికి చోటు లేదు. గుండెకు ఏ వాడ నుంచి వచ్చిందో చెప్పుకునే నోరు లేదు. కొట్టుకోవడం ఒక్కటే దానికి తెలుసు. ఏ సర్టిఫికెటూ అడగకుండా మన ఒంటికి విలువ కట్టే చోటు ఒకటుందంటే, అక్కడి నుంచి మనం వెనక్కి తగ్గకూడదు.

అయితే మనవాళ్ళ అనుమానాలన్నీ అపోహలని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. 2000 ప్రాంతంలో మన గుంటూరు జిల్లా రెంటచింతల ప్రాంతంలో అప్పుల్లో కూరుకుపోయిన పత్తిరైతులు కిడ్నీలు అమ్ముకున్న సంగతి పత్రికల్లో వచ్చింది. పత్తి పోయింది, మిరప పోయింది, ఆఖరికి ఒంట్లో భాగం పోయింది. పేదవాడి అవయవం ఉన్నవాడి ఒంట్లోకి పోతుందనే భయం ఇలాంటి వాటి నుంచే పుట్టింది. ఆ భయానికి కారణముంది. కానీ అది అమ్మకం, ఇది దానం. బతికున్న మనిషి అవయవం కొన్నా, అమ్మినా, దళారీగా మధ్యలో ఉన్నా నేరం. 2011 సవరణతో దానికి పదేళ్ళ దాకా జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా పెట్టారు. చనిపోయినవారి అవయవాలు ప్రభుత్వ పర్యవేక్షణలో ఉన్న జీవన్‌దాన్ జాబితా ప్రకారం పోవాలి. వాటిని తీయడానికి అయ్యే ఖర్చు దాత కుటుంబం మీద వేయకూడదని 2014 నిబంధనలు చెబుతున్నాయి.

"జాబితా సరే, ఆపరేషన్లు ఎక్కువగా కార్పొరేట్ ఆసుపత్రుల్లోనే గదా, మనవాళ్ళకు అందేదెంత?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు మనం ఇవ్వడం మానేయడం కాదు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్లు జరగాలని గట్టిగా అడగడం. అది సాధ్యమేనని మనకు దగ్గర్లోనే రుజువైంది. 2016లో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టర్ గోపాలకృష్ణ గోఖలే గారి బృందం గుండె మార్పిడి చేసింది. చీరాల నుంచి రైలెక్కితే చేరిపోయే ఊరు అది. ఇచ్చేవాళ్ళలో మనం ఉంటేనే, అందరికీ అందాలని అడిగే గొంతుకు బలం వస్తుంది.

కాబట్టి ఈ వార్షికోత్సవం సందర్భంగా నేను మూడు విషయాలు ప్రతిపాదిస్తున్నాను.

మొదటిది, మన హాస్టళ్ళలో ప్రతి విద్యార్థికీ ఆరోగ్య కార్డు సరిగా నడపాలి. అందులో "జ్వరం", "కామెర్లు" అని ఊరికే రాసి వదిలేయకుండా ఏ జ్వరమో, ఏ కామెర్లో, ఏ తేదీన ఏ పరీక్ష చేశారో, ఎప్పుడు తగ్గిందో రాయాలి. హాస్టల్ వదిలే రోజున టీసీతో పాటు ఆ కార్డు నకలు చేతికివ్వాలి. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. మన సంక్షేమాధికారులు, వార్డెన్లు, ఏఎన్ఎం అక్కలు తలుచుకుంటే వచ్చే విద్యా సంవత్సరం నుంచే మొదలుపెట్టవచ్చు.

రెండవది, కామెర్లు వచ్చిన వాళ్ళెవరైనా పసరుతో సరిపెట్టుకోకుండా ఏరియా ఆసుపత్రికి వెళ్ళి హెపటైటిస్ పరీక్ష చేయించుకోవాలి. ఎప్పుడో వచ్చి తగ్గినవాళ్ళు కూడా 'బి', 'సి' ఉన్నాయేమో ఒకసారి చూపించుకోవడం మంచిది. ఇది దానం కోసం మాత్రమే కాదు, ముందు మన కాలేయం కోసం. లేదని తేలితే హెపటైటిస్-బి టీకా సంగతి డాక్టర్‌ని అడగండి. ఉందని తేలితే సిగ్గుపడి దాచకండి, మందు ఉంది. ఎక్కడైనా సరే, అడిగినప్పుడు పాత జబ్బు దాచకుండా చెప్పండి. తీసుకునేవాడిదీ ప్రాణమే గదా.

మూడవది, పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు ఆలోచించుకుని, ఇష్టమైతే పేరు నమోదు చేయించుకోవాలి. రాష్ట్రంలో జీవన్‌దాన్ ద్వారా చేయవచ్చు. జాతీయ సంస్థ నోటో ఉచిత ఫోన్ నంబరు 1800 11 4770. అయితే కార్డు జేబులో పెట్టుకుంటే పని అయిపోదు. ఆ రోజు వస్తే డాక్టర్లు అడిగేది మన అమ్మానాన్నలను, భార్యను, భర్తను, పిల్లలను. వాళ్ళు కాదంటే మన సంతకం అక్కడే ఆగిపోతుంది. కాబట్టి ఇంటికి వెళ్ళినప్పుడు, భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు ఈ మాట ఒక్కసారి చెప్పండి. మొదట తిడతారు. "నోట్లోంచి అలాంటి మాటలా!" అని కోప్పడతారు. కొన్నాళ్ళకు వాళ్ళే అడుగుతారు. ఇంట్లో మొదట చదువుకున్నవాళ్ళం మనం. రేషన్ కార్డు దరఖాస్తు నుంచి బ్యాంకు ఫారం దాకా అన్నీ మనమే చదివి చెబుతున్నాం. ఇదీ మనమే చదివి చెప్పాలి.

ఇష్టం లేనివాళ్ళను బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు. దానం అంటేనే మనసు నుంచి రావాలి. ఇవ్వనని అనుకుంటే అది మీ నిర్ణయం, దాన్ని గౌరవిస్తాను. కానీ "ఇవ్వను" అనడం వేరు, "నేను పనికిరాను" అనడం వేరు. మొదటి మాట మీ హక్కు. రెండో మాట మాత్రం డాక్టర్ పరీక్ష చేసి చెప్పాల్సిందే గాని, మీ అంతట మీరు ఎన్నడూ అనకండి.

సెలవు.

— ఒక పూర్వ విద్యార్థి, చీరాల